జర్మనీ యంత్రం, మన బొగ్గు నేల

జర్మనీ యంత్రం అంటే మన దగ్గర ఒక గౌరవం ఉంది. "జర్మనీదా? అయితే ఢోకా లేదు" అంటారు. కారు కొనేటప్పుడు ఈ మాట వింటాం. డ్రిల్లింగ్ మిషన్ కొనేటప్పుడు వింటాం. బొగ్గు బాయిలోకి కొత్త యంత్రం దిగినప్పుడూ వింటాం. మరి ఆ గౌరవానికి ఆ యంత్రాలు తగినవేనా? ఈ రోజు ఈ ఒక్క సంగతి మాట్లాడుకుందాం.

సెంటినరీ కాలనీ, గోదావరిఖని, రామగుండం వంటి బొగ్గు ఊళ్లలో ఉండేవాళ్లం దీనికోసం దూరం పోనక్కర్లేదు. జర్మనీ యంత్రం బలం చూపించిన చోటు మన దగ్గర్లోనే ఉంది. జర్మనీ పద్ధతి చతికిలబడ్డ చోటూ మన దగ్గర్లోనే ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఆ పేరు చాలావరకు న్యాయమైనదే. కానీ యంత్రంతో పాటు వచ్చే నాణ్యత సగమే. మిగతా సగం వాడే చోట పుట్టాలి. అందుకే ఏ యంత్రం కొన్నా, ఏ బండి కొన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది మన నేలకు సరిపోతుందా? చెడిపోతే బాగుచేసే చెయ్యి మన దగ్గర ఉందా? దీన్ని చూసుకోవలసినట్టు మనం చూసుకుంటామా? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. నేల, చెయ్యి, చూసుకోవడం. మాటల మధ్యలో మళ్లీ మళ్లీ వీటి దగ్గరికే వస్తాను.

ముందు ఆ పేరు ఎట్లా వచ్చిందో చూద్దాం. జర్మనీకి ఈ పేరు మొదటినుంచీ లేదు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. జర్మనీ తరఫున వెళ్లిన ఫ్రాంజ్ రోలో అనే ఇంజనీరు తన దేశపు సరుకును అక్కడ చూశాడు. మన సరుకు చవకది, నాసిది అని మొహమాటం లేకుండా ఇంటికి రాసి పంపాడు. ఆ తర్వాత 1887లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. బయటి దేశపు సరుకు మీద ఆ దేశం పేరు ఉండాలంది. తమ షెఫీల్డ్ కత్తులకు నకళ్లు జర్మనీ నుంచి వస్తున్నాయని అక్కడివాళ్ల కోపం. అంటే "మేడిన్ జర్మనీ" ముద్ర మొదట కొనేవాళ్లను హెచ్చరించడానికి వేయించిన ముద్ర. ఆ తర్వాత రెండేళ్లకే, 1889లో, ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వడం మొదలైంది. మన సింగరేణి బొగ్గు తవ్వకాల వయసూ ఆ ముద్ర వయసూ దాదాపు ఒకటే.

ఆ హెచ్చరికను జర్మనీవాళ్లు గౌరవంగా మార్చుకున్నారు. ఎట్లా మార్చుకున్నారు? ముఖ్యంగా రెండు పనులతో. మొదటిది, చేతిపని చదువు. అక్కడ ఫిట్టరు కావాలన్నా, ఎలక్ట్రీషియన్ కావాలన్నా మూడేళ్లు, మూడున్నరేళ్లు నేర్చుకోవాలి. వారంలో కొన్ని రోజులు ఫ్యాక్టరీలో పని. కొన్ని రోజులు బడిలో పాఠం. చెయ్యీ బుద్ధీ కలిసి నేర్చుకుంటాయి. ఆ తర్వాత కూడా అనుభవం పెంచుకుని, పరీక్ష రాసి, మేస్త్రీ పట్టా తీసుకోవచ్చు. ఆ పట్టాకు అక్కడ సమాజంలో విలువ ఉంది.

రెండో పని, కొలతలు. 1917లో వాళ్లు ప్రమాణాల కోసం ఒక సంస్థ పెట్టుకున్నారు. దాని పేరు డిన్. ఏ ఫ్యాక్టరీలో చేసిన బోల్టు అయినా, ఇంకో ఫ్యాక్టరీలో చేసిన నట్టుకు పట్టాలన్నది దాని పట్టుదల. మీ పిల్లలు జిరాక్స్ తీయించుకునే ఏ4 కాగితం ఉంది కదా. ఆ కొలత కూడా 1922లో ఆ సంస్థ పెట్టినదే. ఇవ్వాళ సెంటినరీ కాలనీలో కొన్న కాగితం హైదరాబాద్ ప్రింటర్‌లో సరిగ్గా పడుతుంది. కొలతకు కట్టుబడితే కలిగే లాభం అది.

ఇక మన పక్కనున్న గనికి వద్దాం. అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టు. లాంగ్‌వాల్ అంటే పొడవైన బొగ్గు గోడను యంత్రంతో వరుసగా కోసే పద్ధతి. సింగరేణికి లాంగ్‌వాల్ కొత్త కాదు. 1983లోనే గోదావరిఖని 7వ ఇంక్లైన్‌లో మొదలైంది. కానీ 2014 అక్టోబర్‌లో అడ్రియాలలో మొదలైనది వేరే స్థాయి. ఆ యంత్రాలు వచ్చింది క్యాటర్‌పిల్లర్ సంస్థ జర్మనీ శాఖ నుంచి. పేరు అమెరికాది. ఫ్యాక్టరీ ఉన్నది జర్మనీలోని ల్యూనెన్ అనే ఊళ్లో. అది రూర్ బొగ్గు ప్రాంతం. అంటే ఒక బొగ్గు ఊరివాళ్లు చేసిన యంత్రం ఇంకో బొగ్గు ఊరికి వచ్చింది.

ఆ గనిలో ఫేస్, అంటే బొగ్గు కోసే గోడ, పొడవు 250 మీటర్లు. ఆ పొడవునా కప్పును మోసే 146 ఉక్కు షీల్డులు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కో షీల్డు వెయ్యి టన్నులకు పైగా బరువు మొయ్యగలదు. షియరర్ అనే కోత యంత్రం బొగ్గును కోసుకుంటూ ముందు నడుస్తుంది. దాని వెనక షీల్డు కొంచెం కిందికి దిగుతుంది. ఒక అడుగు ముందుకు జరుగుతుంది. మళ్లీ లేచి కప్పును పట్టుకుంటుంది. వెనక వదిలిన ఖాళీలో, అంటే గోఫ్‌లో, రాయి కూలుతుంది. మనుషులు షీల్డుల కిందే ఉంటారు. తట్టా చెమ్మస్‌తో, చేతులతోనే బొగ్గు నింపిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఈ తేడా ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ షీల్డును కాస్త దగ్గరగా చూద్దాం. అంత బరువు మోసే కాళ్లలో ఉన్నది ఏమిటి? చాలావరకు నీళ్లే. వందకు తొంభై అయిదు పాళ్లు, అంతకన్నా ఎక్కువే నీళ్లు. అందులో కొద్దిగా ప్రత్యేకమైన నూనె. ఆ ద్రవాన్ని పంపు వందల బార్ల ఒత్తిడితో నెడుతుంది. ఆ ఒత్తిడిని అదుపులో పెట్టేవి చిన్న చిన్న వాల్వులు. వాటిలో సందు వెంట్రుక కంటే సన్నం. ఆ నీళ్లలో కాస్త మట్టి చేరినా వాల్వు పట్టేస్తుంది. వాల్వు పట్టేస్తే కాలు దిగిపోవచ్చు. అందుకే అక్కడ ఫిల్టర్లు ఉంటాయి. ఆ ఫిల్టరును వేళకు మార్చే ఫిట్టరు ఎవరు? మనవాడే. అతను ఒక షిఫ్టులో ఆ పని వదిలేస్తే ల్యూనెన్‌లో పోసిన ఉక్కు ఎంత గట్టిదైనా ఏం లాభం? చూసుకోవడం అని నేనన్నది ఇదే.

ఇంకో సంగతి. ఆ ప్రాజెక్టును ఏడాదికి దాదాపు 28 లక్షల టన్నుల కోసం రూపొందించారు. ప్రతి ఏడాదీ ఆ లెక్క అందలేదు. ఒక ప్యానెల్, అంటే బొగ్గు తీసే ఒక భాగం, అయిపోయాక అన్ని షీల్డులనూ విప్పి ఇంకో ప్యానెల్‌కు చేర్చాలి. దానికి నెలలు పడుతుంది. కొత్త ప్యానెల్ తయారీ వెనకబడితే యంత్రం ఊరికే కూర్చోవాలి. నేల లోపలి పొరలు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండవు. అంత పెద్ద యంత్రం కొన్నామంటే దాని చుట్టూ ఉన్న పనంతా కూడా ఆ స్థాయికి ఎదగాలి.

ఇక్కడే ఒక బాధ కూడా చెప్పుకోవాలి. 2022 మార్చిలో అదే అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. షీల్డు తన నెత్తిమీద ఉన్న కప్పునే మోస్తుంది. గని అంతటినీ మోయదు. దారుల్లో కప్పును పట్టేది రూఫ్ బోల్టు, వల, తనిఖీ, మనిషి కన్ను. ఎంత గొప్ప యంత్రం దిగినా రక్షణ పని ఒక్క వీసమెత్తు కూడా తగ్గదు. ఈ మాట ప్రతి బాయిలో, ప్రతి షిఫ్టులో గుర్తుండాలి.

ఇప్పుడు రెండో చోటుకు వద్దాం. రామగుండం ఎఫ్.సి.ఐ. ఎరువుల ఫ్యాక్టరీ. 1980 నవంబర్‌లో ఉత్పత్తి మొదలైంది. ఇప్పుడున్న ఆర్.ఎఫ్.సి.ఎల్. ఎరువుల ఫ్యాక్టరీ గ్యాస్‌తో నడుస్తుంది. ఆ పాతది అట్లా కాదు. అది బొగ్గుతో యూరియా చేసే ఫ్యాక్టరీ. బొగ్గును మెత్తని పొడి చేస్తారు. ఆక్సిజన్, ఆవిరి కలిపి పదిహేను వందల డిగ్రీల వేడిలో గ్యాస్ చేస్తారు. ఆ గ్యాస్ నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి యూరియా. ఆ పద్ధతి పేరు కోపర్స్ టోట్జెక్. జర్మనీ పద్ధతే. ఎస్సెన్ నగరానికి చెందిన కోపర్స్ సంస్థది. ఆలోచన ఎంత బాగుంది చూడండి. బొగ్గు మన దగ్గరే. గోదావరి నీళ్లు మన దగ్గరే. ఎరువు కావలసిన రైతూ మన దగ్గరే.

కానీ ఆ ఫ్యాక్టరీ ఏనాడూ కుదురుగా నడవలేదు. మన బొగ్గులో బూడిద ఎక్కువ. వందకు ముప్పయి, నలభై పాళ్ల దాకా ఉంటుంది. జర్మనీలో కడిగి వాడే బొగ్గులో అంత ఉండదు. ఆ బూడిదంతా కొలిమిలో కరిగి బయటికి రావాలి. దాన్ని కరిగించడానికే ఎంతో వేడి, ఎంతో ఆక్సిజన్ ఖర్చవుతుంది. పైగా ఆ రోజుల్లో కరెంటు నిలకడగా ఉండేది కాదు. అటువంటి ఫ్యాక్టరీ ఒకసారి ఆగితే మళ్లీ దారిలో పడటానికి చాలా సమయం పడుతుంది. యంత్రాల్లో లోపాలూ తోడయ్యాయి. చివరికి 1999 మార్చి 31న మూతపడింది. ఎన్నో కుటుంబాల బతుకు ఆ గేటుతో ముడిపడి ఉండేది. ఆ రోజులు చూసినవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు.

ఇదే పద్ధతి దక్షిణాఫ్రికాలో మొడ్డర్‌ఫాంటైన్ అనే చోట ఏళ్ల తరబడి నడిచింది. అక్కడి బొగ్గు వేరు. అక్కడి ఏర్పాట్లు వేరు. నల్లరేగడిలో విరగకాసే పత్తి విత్తనాన్ని తెచ్చి చెల్కలో వేస్తే ఏమవుతుంది? విత్తనం మంచిదే. వేసిన నేల దానిది కాదు. మన మొదటి ప్రశ్న ఇదే కదా. ఇది మన నేలకు సరిపోతుందా?

ఇదే ప్రశ్నకు ఇంకో ఉదాహరణ తమిళనాడులోని నైవేలి. లిగ్నైట్ గనులు. 1960ల మొదట్లో అక్కడికి జర్మనీ బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్లు వచ్చాయి. పెద్ద చక్రానికి చుట్టూ బకెట్లు. చక్రం తిరుగుతుంటే బకెట్లు మట్టిని గీరి బెల్టు మీద పోస్తాయి. జర్మనీలో పైమట్టి మెత్తన. నైవేలిలో లిగ్నైట్ మీద ఉన్నది గట్టి ఇసుకరాయి. బకెట్ల పళ్లు ఊరికే అరిగిపోయేవి. మరి నైవేలివాళ్లు ఏం చేశారు? యంత్రాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు. ముందు రాయిని పేల్చి వదులు చేశారు. పళ్ల మీద గట్టి లోహం వెల్డింగ్ చేశారు. యంత్రాన్ని తమ నేలకు తగ్గట్టు మలుచుకున్నారు. నైవేలి గనులు ఈనాటికీ నడుస్తున్నాయి. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకీ నైవేలికీ ఉన్న తేడాను మన ఇంజనీరింగ్ విద్యార్థులు చదువుకోవాలి.

ఇక రెండో ప్రశ్న. బాగుచేసే చెయ్యి. దీనికి మన రోడ్లమీదే మంచి ఉదాహరణ ఉంది. టాటా లారీ. 1954లో టాటావాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969 దాకా ఆ ఒప్పందం నడిచింది. అప్పటి లారీ ముందు బెంజ్ నక్షత్రం ఉండేది. పెద్దవాళ్లు ఇప్పటికీ టాటా బెంజ్ అంటారు. ఆ తర్వాత నక్షత్రం పోయింది. లారీ ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయింది? ఇంజన్ గట్టిది, నిజమే. కానీ అంతకన్నా పెద్ద కారణం ఉంది. దాని సామాను ఇక్కడే తయారైంది. ప్రతి ఊరి షెడ్డులో దాన్ని విప్పి బిగించగల మేస్త్రీ తయారయ్యాడు. నడిరాత్రి ఘాట్‌రోడ్డులో ఆగిపోయినా తెల్లవారేసరికి మళ్లీ కదిలేది. డీజిల్ పంపు సంగతీ అంతే. జర్మనీ బాష్ సంస్థ 1951లో మన దేశంలో మైకో పేరుతో కంపెనీ మొదలుపెట్టింది. ఆ పంపులు మన లారీలకు, ట్రాక్టర్లకు ఎక్కాయి. ఆ పంపు బాగుచేసే షాపు బోర్డు మన పట్టణాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

అంటే, జర్మనీ డిజైన్ మన దేశంలో మన మేస్త్రీ చేతుల్లో పండింది. ఆ పేరులో మన మేస్త్రీలకూ వాటా ఉంది.

మూడో ప్రశ్న. చూసుకోవడం. దీనికి మన మైన్స్ రెస్క్యూ సిబ్బంది కన్నా మంచి పాఠం లేదు. గనిలో మంట పుట్టినా, విషవాయువు నిండినా వాళ్లు లోపలికి వెళ్తారు. వీపున శ్వాసయంత్రం కట్టుకుంటారు. ఆ యంత్రం పేరు బీజీ 4. జర్మనీలోని ల్యూబెక్ నగరంలో డ్రేగర్ సంస్థ చేస్తుంది. ఆ సంస్థ కూడా ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైన 1889లోనే పుట్టింది. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో ఘోర ప్రమాదం జరిగినప్పుడు జర్మనీ నుంచి రెస్క్యూ సిబ్బంది శ్వాసయంత్రాలతో వెళ్లారు.

ఈ యంత్రం నాలుగు గంటలు ఊపిరినిస్తుంది. వదిలిన గాలి బయటికి పోదు. ఒక డబ్బాలోని సున్నం వంటి పదార్థం గుండా వెళ్తుంది. అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. సిలిండర్ నుంచి కాస్త ఆక్సిజన్ కలుస్తుంది. అట్లా వెళ్లిన గాలి వేడెక్కుతుంది కాబట్టి చల్లబరచడానికి మంచుగడ్డ పెడతారు. ఎంత చక్కని ఏర్పాటు! కానీ ఆ పదార్థం పాతబడితే? రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోకపోతే? సిలిండర్ నిండకపోతే? అందుకే వాడిన ప్రతిసారీ విప్పుతారు, కడుగుతారు, ఆరబెడతారు. మళ్లీ బిగించి లీకు పరీక్ష చేస్తారు. రిజిస్టర్‌లో రాసి సంతకం పెడతారు. ఆ సంతకం మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. ల్యూబెక్‌లో మొదలైన నాణ్యత ఆ సంతకంతో పూర్తవుతుంది.

మరి జర్మనీ పేరుకు మచ్చలు లేవా? ఉన్నాయి. 2015లో ఫోక్స్‌వ్యాగన్ సంగతి బయటపడింది. డీజిల్ కార్లలో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. పరీక్ష జరుగుతున్నప్పుడు పొగ తక్కువ. రోడ్డు మీద పొగ ఎక్కువ. ప్రపంచమంతటా కోటీ పది లక్షల బండ్లు అట్లాంటివే. మన దేశంలోనూ మూడు లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచి సరిచేయవలసి వచ్చింది. అది మోసం. పనితనం ఎంత ఉన్నా నిజాయితీ లేకపోతే పేరు నిలవదు. ఇంకో మాట. కారు మొరాయించకుండా నడవడంలో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక వేసే పట్టికలు చూస్తే, ఏటేటా టయోటా, లెక్సస్ వంటి జపాన్ కార్లే పైన కనిపిస్తాయి. జర్మనీ కార్లు పరుగులో, పట్టులో, సౌకర్యంలో గొప్పవి. కానీ వాటిలో సామాను ఎక్కువ, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. వాటికి సేవ కూడా ఎక్కువ కావాలి.

ఇది మన ఇళ్లకు పనికొచ్చే మాట. బాయిలో ముప్పయి, ముప్పయి అయిదేళ్లు చేసి రిటైర్ అయినవాళ్ల చేతికి కొంత డబ్బు వస్తుంది. పిల్లలు ముచ్చటపడతారు. "నాయినా, హైదరాబాద్‌ల సెకండ్‌హ్యాండ్ జర్మనీ కారు చవకగా వస్తుంది, తీసుకుందాం" అంటారు. కొనవద్దని నేను అనను. కొనేముందు మూడు ప్రశ్నలు వెయ్యండి.

మొదటిది, నేల. మన రోడ్లమీద బొగ్గు టిప్పర్లు తిరుగుతాయి. గుంతలు ఉంటాయి. గాలిలో దుమ్ము ఉంటుంది. కిందికి ఉన్న కారు ఆ గుంతల్లో నడుస్తుందా? రెండోది, చెయ్యి. సర్వీస్ సెంటర్ ఎక్కడుంది? కరీంనగరా, హైదరాబాదా? ఒక సెన్సర్ పోతే ఎన్ని రోజులకు వస్తుంది, ఎంత అవుతుంది? కొనేముందే ఫోన్ చేసి అడగండి. మూడోది, చూసుకోవడం. ఆ కారుకు పాత సర్వీస్ రికార్డు ఉందా? కంపెనీ చెప్పిన ఆయిలే పోశారా? మనం కూడా అదే పోయగలమా? దుమ్ము ఎక్కువున్న చోట ఎయిర్ ఫిల్టరును మామూలు గడువుకన్నా ముందే చూడాలి. ఈ మూడింటికీ సమాధానం దొరికితే ఆ కారు మీకు సుఖం ఇస్తుంది. దొరకకపోతే ఎంత పెద్ద పేరున్నా వదిలెయ్యండి. మీ కష్టార్జితం ఇంటి ముందు కవరు కప్పుకుని నిలబడకూడదు.

మన ఐ.టి.ఐ. పిల్లలకు కూడా ఒక మాట. జర్మనీలో నల్లబొగ్గు తవ్వకం ఆగిపోయింది. 2018 డిసెంబర్ 21న బోట్రాప్ ఊళ్లో చివరి గని మూతపడింది. కానీ ఆ గనుల కోసం నేర్చుకున్న చేతిపని ఆ దేశాన్ని వదిలిపోలేదు. బొగ్గు అయిపోతుంది. పనితనం అయిపోదు. మన దగ్గర కూడా ఒక రోజు ఏదో ఒక బాయి మూతపడుతుంది. హైడ్రాలిక్స్ తెలిసిన ఫిట్టరుకు, కంట్రోల్ ప్యానెల్ చదవగల ఎలక్ట్రీషియన్‌కు, కొలతకు కట్టుబడే వెల్డరుకు ఆ రోజు కూడా పని ఉంటుంది. అప్రెంటిస్‌గా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ ఏడాదిని సర్టిఫికెట్ కోసమే గడిపెయ్యవద్దు. యంత్రం పుస్తకం తెరవండి. పెద్ద ఫిట్టరు పక్కన నిలబడి, అది ఎందుకు అట్లా బిగించాడో అడగండి.

మరొక్కసారి చెప్తాను. జర్మనీ యంత్రాలకు వచ్చిన పేరు కష్టపడి తెచ్చుకున్న పేరు. చాలావరకు దానికి అవి తగినవే. అయితే ఆ పేరు ఒక్కటే చూసి డబ్బు పెట్టవద్దు. మన నేలకు సరిపోతుందా? మన దగ్గర బాగుచేసే చెయ్యి ఉందా? చూసుకోవలసినట్టు చూసుకుంటామా? ఇంటికి మిక్సీ కొన్నా, పొలానికి ట్రాక్టర్ కొన్నా, గనికి కోట్ల రూపాయల యంత్రం కొన్నా ఈ మూడూ అడగండి. జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. కొన్న తర్వాత ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి, సర్వీస్ చేసిన తేదీ, మార్చిన సామాను రాసుకోండి. ఆ అలవాటు ఈ వారమే, మీ ఇంట్లో ఉన్న బండితోనే మొదలుపెట్టండి.